ఒకే సీసాలో పదిమంది

నేను ఒక చిన్న పుస్తకాన్ని. పుస్తకం అనగానే కథో కవిత్వమో ఉంటుందని ఆశపడకండి. నాకున్నవి ఆరంటే ఆరు పుటలు, వాటిలో నాలుగు ఖాళీ. ఒంటి రంగు చామంతి పసుపు. నడుమున రెండు పిన్నులు. కొన్ని దేశాలకి వెళ్లేవాళ్లు నన్ను పాస్‌పోర్టు మడతలో పెట్టుకుని విమానం ఎక్కుతారు. దోమ కుడితే వచ్చే జ్వరం ఒకటుంది, ఎల్లో ఫీవర్ అంటారు. 'ఈ మనిషి దానికి టీకా వేయించుకున్నాడు, వేయించుకుని పదిరోజులు దాటింది, లోపలికి రానివ్వండి' అని చెప్పడమే నా ఉద్యోగం. అంతకు మించి నాకేమీ తెలియదు.

ఆ దోమ మాత్రం ఏ కాగితమూ లేకుండా, ఏ వరసలోనూ నిలబడకుండా తన దారిన తాను తిరుగుతుంది. ఆ జాగ్రత్తంతా మనుషులే పడతారు. తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, వాళ్ల మీద ఇష్టమూ కలుగుతుంది.

నేను పుట్టింది ఒక ప్రెస్సులో. అట్ట కత్తిరించి, పుటలు మడిచి, పిన్నులు కొట్టాక చివర్న ఒకాయన అంకెలేసే మిషను పట్టుకుని మా నుదుట టకటకా అచ్చేసుకుంటూ పోయాడు. నా అంకె నలభై ఒకటితో ముగుస్తుంది. నా వెనకాలే నలభై రెండు పడింది. మా మధ్య ఇంకెవరూ లేరు గనక దాన్ని నా చెల్లెలనుకున్నాను. ఆ చెల్లెలే ఒకనాడు నా పరువు కాపాడుతుందని అప్పుడు తెలియదు.

కట్ట కట్టి మమ్మల్ని సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయానికి పంపారు. అక్కడ ఒక ఇనప బీరువా మా ఇల్లు. పక్కనే ఫ్రిజ్జు. టీకా సీసాలుండేది అందులోనే. ఆ ఫ్రిజ్జుకున్న గౌరవం ఆ ఆఫీసులో ఇంకెవరికీ లేదు. కరెంటు పోతే డాక్టరమ్మ నెత్తిమీది ఫ్యాను కంటే ముందు దానికే జనరేటరు. ఫిలోమినా సిస్టరని ఒక నర్సు ఉండేది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఫ్రిజ్జు తలుపు మీద చెయ్యి ఆనించి, చలి ఎంతుందో చూసి పుస్తకంలో రాసుకునేది. పసిపిల్లకి జ్వరం చూసినట్టే చూసేది.

ఆ టీకాకి ఒక పద్ధతుంది. ఒక్కో సీసాలో పదిమందికి సరిపడా మందుంటుంది. ఒకసారి తెరిచి కలిపితే కొద్ది గంటల్లో వాడేయాలి, లేకపోతే పారబోయాలి. అది దొరకడమే తక్కువ, దానికోసం కాచుకునేవాళ్లు ఎక్కువ. అందుకని వారానికి ఒక్క మంగళవారమే వేస్తారు. పదిమంది కూడితేగాని సీసా తెరవరు. ఎక్కడెక్కడినుంచో వచ్చి, ఎక్కడెక్కడికో పోయే పదిమంది ముక్కూ మొహం తెలియకపోయినా ఒకే సీసాని పంచుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. నేను బీరువాలోంచి చూస్తూ ఉండేదాన్ని.

నవంబరు ఐదు, మంగళవారం. ఆరోజే నాకు పేరొచ్చింది.

పొద్దున తొమ్మిదికే వచ్చి బల్ల చివర కూర్చున్నారు ముక్తేశ్వరరావుగారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి ఏడాది కిందట రిటైరైన మనిషి. యాభైతొమ్మిదేళ్లు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. సిస్టరు కాగితాలు నింపుతూ అడిగింది.

"ఉగాండాకి ఏం పని మీద సార్?"

"మా అమ్మాయి పురిటికి."

సిస్టరు తలెత్తి, ఆయన పక్కనా వెనకా చూసింది. ఎవరూ లేరు. ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం కూడా ఒక దయే. ఆయన అది గమనించాడని నాకు తర్వాత తెలిసింది. ఎందుకంటే ఆయన ఇలాంటివి గుర్తుపెట్టుకునే మనిషి.

సంగతి ఏమిటంటే, ఆయన భార్య సుభద్ర పోయి రెండేళ్లయింది. ఒక్కతే కూతురు హైమవతి. అల్లుడు ఫణి ఉగాండాలో ఒక చేపపిల్లల కేంద్రంలో పనిచేస్తాడు. ఏడో నెలలో పుట్టింటికి తీసుకొద్దామనుకుంటే, మావి కిందికి ఉందనీ, విమానం ఎక్కకూడదనీ అక్కడి డాక్టర్లు చెప్పారు. హైమ అత్తగారు పక్షవాతంతో మంచంలో ఉన్న మనిషి. ఆపరేషను నవంబరు ఇరవై పొద్దున్నే అని రోజు నిర్ణయించారు. "నువ్వేం చేస్తావు నాన్నా, రావద్దులే, ఇక్కడ ఆయా ఉంటుంది" అంది హైమ ఫోనులో. ఆ 'రావద్దులే'లో ఎంత 'రా' ఉందో ఆయనకి వినిపించింది. సుభద్ర ఉంటే వెళ్లేది. ఆవిడ లేదు గనక తను వెళ్లాలి. ఆయన లెక్క అంతే.

వదినగారి దగ్గర కూర్చుని పురిటి కాయం చెయ్యడం నేర్చుకున్నాడు. శొంఠి, పిప్పళ్లు, వాము, బెల్లం, నెయ్యి. పక్కన వాటి శాస్త్రీయ నామాలు కూడా రాసుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. సుభద్ర పాత వాయిలు చీరలు నాలుగు మెత్తగా ఉతికించి, పొత్తిగుడ్డలకని చతురస్రాలుగా కత్తిరించాడు. అంతా సిద్ధం. మిగిలింది నేనే.

పదకొండయ్యేసరికి బల్ల మీద పదిమంది కూడారు. ముగ్గురు ఓడ కళాసీలు, ఇద్దరు బోర్లు వేసే మిషను వాళ్లు, ఒక టీచరమ్మ, ఒక జంట, బల్ల చివర కూర్చోవడంతో తొమ్మిదోవారు ముక్తేశ్వరరావు మేష్టారు. పదో మనిషి నూకరత్నం. నలభై ఏళ్లుంటాయి, యలమంచిలి దగ్గర పల్లె. మేష్టారు వెళ్లే దేశానికే వెళుతోంది. అక్కడ ఒక చక్కెర ఫ్యాక్టరీలో మనవాళ్ల మెస్సుకి వంటమనిషిగా. కళాసీలతో అప్పటికే తగువు పెట్టుకుంది. "ఏటి బాబూ, మీ సామానంతా బల్లమీదెట్టేసి ఆడమనిషిని నేల మీద కూకోమంటారా? మీ ఓడలో కూడా ఇలాగేనా?"

డాక్టరమ్మ ఒక్కొక్కరినీ అవే ప్రశ్నలు అడుగుతూ వచ్చింది. జ్వరాలున్నాయా, మందులు వాడుతున్నారా, గుడ్డు పడుతుందా. అందరూ తలూపారు. నూకరత్నం దగ్గరికి వచ్చేసరికి:

"గుడ్డు తింటే దద్దుర్లూ అవీ వస్తాయా?"

"కార్తీకం గదమ్మా, తినను. అంతకు ముందైతే రోజుకి రెండు లాగించేదాన్ని. ఏ దద్దుర్లూ లేవు."

"ఇప్పుడు తినమని కాదులే. ఈ మందుని గుడ్డులో పెంచుతారు. అందుకని అడిగాను."

నూకరత్నం చెయ్యి టక్కున వెనక్కి పోయింది. "గుడ్డు మందా?"

"మందే. గుడ్డు కాదు."

"గుడ్డులో పెరిగినాక గుడ్డు కాకపోతే ఏటవుద్ది? మా అమ్మ పోతూ పోతూ మాట తీసుకుంది డాక్టరమ్మా, కార్తీకంలో నియమం తప్పనని. ఇరవై రెండేళ్లయింది. నెల పోనిచ్చి వస్తాను. ఏజెంటుకి నేను చెప్పుకుంటాను." కొంగు బొడ్లో దోపుకుని లేచింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "తొమ్మిదిమంది అయ్యారు. పన్నెండున్నర దాకా చూస్తాను. ఇంకొకరు రాకపోతే వచ్చే మంగళవారం రండి."

కళాసీలు గొణిగారు. టీచరమ్మ గడియారం చూసుకుంది. మేష్టారు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. వచ్చే మంగళవారం పన్నెండో తారీకు. నా మాటకి విలువ వచ్చేది టీకా వేసిన పదిరోజులకి. అంటే ఇరవై రెండు. ఆపరేషను ఇరవై. రెండు రోజులు తక్కువ. ఆయన మళ్లీ లెక్కపెట్టాడు. వేళ్లు అన్నే ఉన్నాయి.

అక్కడ ఆయన సైన్సు పాఠం చెప్పి ఉండొచ్చు. ముప్పై ఏళ్లు చెప్పిన నోరు. లేదా బతిమాలి ఉండొచ్చు. రెండూ చెయ్యలేదు. నూకరత్నం సంచీ తీసుకోడానికి వంగితే, బల్లకింద ఉన్న ఆవిడ చెప్పులు కాలితో ఇవతలికి జరిపి, "తల్లికి ఇచ్చిన మాట, నిలబెట్టుకోవాల్సిందేనమ్మా" అన్నాడు. నిజంగానే అన్నాడు.

ఫిలోమినా సిస్టరుకి మనసు ఒప్పలేదు. ఫ్రిజ్జుకి ఆనుకుని నిలబడి, ఎవరితో అంటున్నానో తెలియనట్టు అంది. "ఆయన కూతురికి ఇరవయ్యో తారీకు పురిటి ఆపరేషను. ఈ మంగళవారం పోతే అందుకోలేడు."

నూకరత్నం ఆగింది. "కూతురికా? మరి పురిటికి మగమనిషి వెళ్లడమేటి? ఇంట్లో ఆడదిక్కు లేదా బాబూ?"

"ఉండేది" అన్నాడాయన.

నూకరత్నం ఆయన వంక చూసింది. ఇస్త్రీ చొక్కాకి పైనుంచి రెండో గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉంది. అది కూడా చూసింది. సంచీ కింద పెట్టి, కుర్చీలో కూలబడి, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది.

"వెయ్యమ్మా. నేను తింటన్నానా? గుచ్చించుకుంటన్నాను. తినడం ఏరు, గుచ్చించుకోడం ఏరు. శివుడికి ఆమాత్రం తెలవదా? తెలవకపోతే నేను చెప్పుకుంటాను."

సీసా మూత తెరుచుకుంది. సిస్టరు బీరువా తలుపు తీసి మమ్మల్ని పది మందిని బయటికి లాగింది. తొమ్మిదోది నేను, పదోది నా చెల్లెలు. నా మొదటి పుటలో మేష్టారి పేరు, పాస్‌పోర్టు అంకె, సీసా మీద ఉన్న బ్యాచి అంకె, దానికింద 05 నవంబరు అని టీకా వేసిన తారీకు, సరిగ్గా దానికింద 15 నవంబరు అని చెల్లుబాటు మొదలయ్యే తారీకు పడ్డాయి. డాక్టరమ్మ నీలి సిరాపెన్నుతో సంతకం చేసింది. 'జీవితాంతం చెల్లుతుంది' అని రాసి ముద్ర కొట్టింది. మేష్టారు ఆ మాటని కొంచెంసేపు చూస్తూ ఉండిపోయాడు. జీవితాంతం అన్న మాట నమ్మి ఒకసారి దెబ్బతిన్న మనిషి.

టీకా వేశాక అరగంట కూర్చోవాలి. ఆ అరగంటలో నూకరత్నం ఆయన ప్రయాణమంతా నిర్ణయించేసింది. "నాది పద్దెనిమిదో తారీకు బొంబాయి ఇమానం. మీరూ దాంట్లోనే చెయ్యించుకోండి మేష్టారూ. నాకు ఇమానం తెలీదు, ఇంగిలీషు తెలీదు. మీకు కాయం తెలీదు. ఇద్దరం ఒకరికొకరం ఉంటాం."

"కాయం తెలుసునమ్మా, రాసుకున్నాను."

"రాసుకుంటే వచ్చేదా కాయం!" అని కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. ఆయన సాయంత్రమే అల్లుడికి చెప్పి ఆ విమానంలోనే టికెట్టు తీసుకున్నాడు.

ఇక ఒక తప్పు సంగతి చెప్పాలి. నా కథలో అసలు ముక్క అదే.

సుభద్రగారికి ఒక అలవాటుండేదట. ఇంట్లోకి ముఖ్యమైన కాగితం ఏదొచ్చినా, హైమ హాల్‌టికెట్టు గానీ, స్కూటరు కాగితాలు గానీ, మూలల్లో పసుపు అద్ది దేవుడి దగ్గర పెట్టి తర్వాతే వాడనిచ్చేది. మేష్టారు నమ్మేవాడు కాదు. ముప్పై ఏళ్లు ఆట పట్టించాడు. ప్రయాణం రోజు పొద్దున పెట్టె కట్టేసి, తాళం వేసి, మళ్లీ తాళం తీసి లోపలికొచ్చాడు. దేవుడి అలమర ముందు నిలబడ్డాడు. పసుపు భరిణె తీశాడు. ఆవిడ ఇది ఎలా రాసేదో ఆయన ఏనాడూ సరిగ్గా చూడలేదు. ఆవిడ గడపకి పసుపు రాయడం చూశాడు. అదొక్కటే చూశాడు. కాబట్టి గడపకి కలిపినట్టే చిన్న గిన్నెలో నీళ్లు పోసి, చిక్కగా కలిపి, నా నాలుగు మూలలా పూసి, పైఅట్ట మీద చాలదనిపించిందేమో లోపలి పుట తెరిచి అక్కడ కూడా వేలితో ఒక చారిక దిద్దాడు. చల్లగా తగిలింది. నేనే గడపనైనట్టు అనిపించింది. తడి ఆరకముందే నన్ను మూసి, పాస్‌పోర్టులో దోపి, జేబులో పెట్టుకున్నాడు. వెళ్లేముందు ఆవిడ ఫొటో వంక చూసి, "రాశాను" అన్నాడు.

నీలిసిరా తడిలో ఏమవుతుందో నాకు తెలిసింది. నోరుంటే కేక పెట్టేదాన్ని.

బొంబాయిలో టికెట్లు చూసే అమ్మాయి నా రంగు చూసి తృప్తిపడి తెరవకుండానే పంపేసింది. మధ్యలో ఇంకో ఊళ్లో విమానం మారాం. నూకరత్నం రెండు విమానాల్లోనూ కిటికీ దగ్గర కూర్చుని కళ్లు మూసుకునే ఉంది. మర్నాడు మధ్యాహ్నం పెద్ద సరస్సు ఒడ్డున దిగాం. నేల ఎర్రగా, చెట్లు నిండుగా ఉన్నాయి. మేష్టారు మెట్లమీద ఆగి ఒక చెట్టు పేరు గుర్తు తెచ్చుకోబోతే, "పదండి మేష్టారూ, చెట్లు మన ఊళ్లో లేవా" అని నూకరత్నం తోసింది.

లోపల అందరికంటే ముందు ఆరోగ్యాధికారి బల్ల. గ్రేస్ అని చొక్కా మీద పేరున్న ఒకావిడ, ముక్కు చివర కళ్లజోడు, ముందు పెద్ద రిజిస్టరు. నూకరత్నం ముందు నిలబడింది, చీరల కొట్టువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవర్లోంచి నా చెల్లెల్ని తీసి ఇచ్చింది. గ్రేస్ చూసి, తలూపి, పంపేసింది. తర్వాత నేను.

గ్రేస్ నన్ను తెరిచింది. పుటలు అంటుకుని ఉన్నాయి. గోటితో మెల్లగా విడదీసింది. నెలలు బాగానే ఉన్నాయి. తారీకుల్లో రెండో అంకెలు, రెండు అయిదులు, బాగానే ఉన్నాయి. మొదటి అంకెల మీద, పై వరసలోనూ కింది వరసలోనూ కలిపి, ఒక నిలువు చారిక. పసుపూ నీలమూ కలిసి ఆకుపచ్చగా, అలుక్కుపోయి ఉంది.

"ఇది ఐదా, పదిహేనా?" అని ఇంగ్లీషులో అడిగింది.

మేష్టారు వంగి చూశాడు.

"ఐదు. నవంబరు ఐదు."

"పదిహేనయితే మీకు పదిరోజులు నిండలేదు. కింద ఉన్నది ఇరవై అయిదు కూడా కావచ్చు."

"మా దగ్గర మంగళవారాలే వేస్తారు. ఐదు మంగళవారం. పదిహేను శుక్రవారం. మీరు క్యాలెండరు చూడండి."

"మీ దగ్గర ఏ వారం వేస్తారో నాకెలా తెలుస్తుంది సార్?" విసుగేమీ లేదు ఆ గొంతులో. "దీనిమీద ఇది ఏమిటి?"

ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు. కానీ ముక్కలు ముక్కలుగానే చెప్పాడు. "పసుపు. నా భార్య రాసేది. ఆవిడ లేదు. అందుకని నేను రాశాను. నాకు చేతకాలేదు."

గ్రేస్ కళ్లజోడు తీసింది. లేచి, గోడ దగ్గరున్న కుర్చీ లాక్కొచ్చి వేసి, ఆయన్ని కూర్చోమంది. నీళ్ల సీసా ఇచ్చింది. తర్వాత తన కుర్చీలో కూర్చుని చెప్పింది. "నేను మిమ్మల్ని నమ్ముతున్నాను సార్. కానీ నా నమ్మకాన్ని ఈ రిజిస్టరులో రాయడానికి గడి లేదు. తారీకు తేలని కార్డుతో వచ్చినవాళ్లని నేను లోపలికి పంపకూడదు. మీ ఆఫీసుకి ఉత్తరం పంపి జవాబు తెప్పించాలి. అందాకా ఇక్కడ పక్క గదిలో ఉండాలి."

"ఎన్నాళ్లు?"

"రెండు రోజులు. నాలుగు కావచ్చు."

"రేపు పొద్దున ఏడింటికి మా అమ్మాయికి ఆపరేషను" అన్నాడాయన. సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. అందులో కత్తిరించిన చీర ముక్కలున్నాయి. పైనుంచి చేత్తో వాటిని సర్దుతూ కూర్చున్నాడు, చలికి కప్పుతున్నట్టు.

ఆ కాసేపు నేను పడ్డ బాధ చెప్పలేను. పుట్టిందే ఒక్క మాట చెప్పడానికి. ఆ ఒక్క మాటా చెప్పలేకపోయాను. నా చెల్లెలు అరవై గజాల్లో ఉంది. అదే సీసా, అదే రోజు, అదే చెయ్యి. ఒక్కసారి మమ్మల్ని పక్కపక్కన పెడితే చాలు. కానీ మాకు కాళ్లూ లేవు, నోళ్లూ లేవు. మనుషులకి రెండూ ఉన్నాయి, ఆ సమయానికి గుర్తురావాలి అంతే.

అప్పుడు వినిపించింది ఆ గొంతు. "ఏటి మేష్టారూ, ఇక్కడ కూకున్నారు! నేను అవతల నిలబడి నిలబడి నా కాళ్లు పడిపోయాయి. ఆ కాగితం నింపేది ఎవరు? నాకేటి ఇంగిలీషొచ్చా?"

వెనక్కి రాకూడదని ఎవరో చెయ్యి అడ్డం పెడితే ఆ చేతికిందినుంచి దూరి వచ్చేసింది నూకరత్నం. మేష్టారు సంగతి చెప్పాడు. ఆవిడ బల్లమీదికి వంగి నన్ను చూసింది.

"పసుపా! తడిపి రాశారా? కాగితానికి తడిపి రాస్తారా ఎవరైనా? పొడి అద్దాలి బాబూ, చిటికెడు. తడిపేది గడపకి." ఆయన తల దించుకున్నాడు. ఆవిడకి వెంటనే అర్థమైంది. గొంతు తగ్గించింది. "సరేలెండి. ఎవరు చెబుతారు మీకు."

అంతలోనే నుదురు కొట్టుకుంది. "ఓరి నా తెలివి! మేష్టారూ, ఆరోజు తొమ్మిదోవారు మీరు, పదోదాన్ని నేను. ఇద్దరికీ ఒక సీసాయే గదా? నా దాంట్లో తారీకు బాగానే ఉంది గదా? చూడమనండి నాది!"

మేష్టారు ఆవిడ వంక చూశాడు. ముప్పై ఏళ్లు తరగతి గదిలో నమూనాలు పక్కపక్కన పెట్టి పోల్చడం నేర్పిన మనిషి. ఆ పాఠం ఇప్పుడు వంటమనిషి చెప్పింది. లేచి నిలబడి, వరసగా, తడబడకుండా చెప్పాడు. పదిమంది కూడితేగాని సీసా తెరవకపోవడం, ఆరోజు తొమ్మిదిమందే అవడం, కార్తీకం, గుడ్డు, అన్నీ. గుడ్డు దగ్గర గ్రేస్ నవ్వింది. కవర్లోంచి నా చెల్లెల్ని తీయించి నా పక్కన పరిచింది.

నలభై ఒకటి. నలభై రెండు. ఒకే బ్యాచి అంకె. ఒకే ముద్ర. ఒకే సంతకం, చివర అదే తోక. చెల్లెలి పుటలో, కడిగిన ముత్యంలా, 05 నవంబరు.

గ్రేస్ వేలితో మా అంకెల్ని ఒకదాని తర్వాత ఒకటి తడిమింది. "మీది ముందు, ఆవిడది తర్వాత. ఆవిడ ఐదో తారీకుది చేతిలో పట్టుకున్నాక, మీది పదిహేనోది ఎలా అవుతుంది?" అంది. తనకి తనే చెప్పుకున్నట్టుంది. ఫోనెత్తి పైఅధికారితో వాళ్ల భాషలో మాట్లాడింది. రిజిస్టరులో ఏదో రాసింది. గడి దొరికినట్టుంది. ఆ తర్వాత నా ఖాళీ పుట ఒకటి తెరిచి, నల్ల బాల్‌పెన్నుతో 'అదే సీసాకి చెందిన మరో కార్డుతో తారీకు సరిచూశాను, నవంబరు ఐదు' అని రాసి సంతకం పెట్టింది. బాల్‌పెన్ను సిరా. ఇది తడిసినా పోదు.

నన్ను తిరిగి ఇస్తూ అడిగింది. "ఆవిడ మీకేమవుతుంది?"

మేష్టారు కొంచెం ఆలోచించాడు. "మేమిద్దరం ఒకే సీసా" అన్నాడు.

బయట అల్లుడు ఫణి ఎదురుచూస్తున్నాడు. నూకరత్నాన్ని తీసుకుపోవడానికి చక్కెర ఫ్యాక్టరీ జీపు వచ్చి ఉంది. ఎక్కుతూ ఆవిడ, "కాయం ముద్ద రేగిపండంత పెట్టాలి, ఉసిరికాయంత కాదు. రాసుకోండి, మీకు రాసుకోడం ఇష్టం గదా!" అని అరిచింది. ఆయన నిజంగానే ఆగి, జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. కాగితం దొరక్క నా వెనకట్ట మీద రాశాడు. 'రేగిపండంత.' ప్రపంచంలో ఏ ఆరోగ్యాధికారీ ఇంతవరకు ఆ మాటకి అభ్యంతరం చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో హైమ తండ్రిని చూసి, "వచ్చావా" అని మాత్రం అంది. మర్నాడు పొద్దున ఎనిమిదిలోపే ఆడపిల్ల పుట్టింది. నర్సు బయటికి తెచ్చి, చుట్టడానికి గుడ్డ అడిగితే మేష్టారు సంచీలోంచి వాయిలు చీర ముక్క తీసిచ్చాడు. లేత నీలం మీద చిన్న తెల్లపూలు. పిల్ల అందులో చుట్టుకుని పడుకున్నాక ఆయన గోడవైపు తిరిగి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. నేను చొక్కా జేబులోనే ఉన్నాను. లోపల గుండె కొట్టుకోవడం నా పిన్నులకి తగిలింది. ఎంత అట్టనైనా నాకూ ఒక సంగతి అర్థమైంది. నాలాంటి కాగితాలు ఆపడానికే పుట్టాయని మనుషులు తిట్టుకుంటారు. కానీ ఆ జ్వరం సోకకుండా ఆ పిల్ల ఊపిరి తీసుకోవాలనేగదా ఇంత తతంగమూ.

రెండు నెలలుండి తిరిగొచ్చాం. కొత్త కార్డు రాయించుకోమని చూసినవాళ్లంతా చెప్పారు. ఆయన రాయించుకోలేదు. నన్ను దేవుడి అలమరలో, పసుపు భరిణె పక్కన పెట్టాడు. అలమర దులిపేటప్పుడు తెరిచి, ముందు ఆ ఆకుపచ్చ చారిక చూస్తాడు, తర్వాత గ్రేస్ సంతకం చూస్తాడు, చివర్న తిరగేసి 'రేగిపండంత' చదువుతాడు. కార్తీకం వెళ్లిన మర్నాడు నూకరత్నం ఫోను చేసి, "గుడ్ల కూర వండి శివుడికి సంజాయిషీ చెప్పేసుకున్నాను, ఊరుకున్నాడు" అని చెప్పిన సంగతి ఇప్పటికీ తలుచుకుని ఒక్కడే నవ్వుతాడు.

మొన్న హైమ ఫోను చేసింది. పిల్లకి తొమ్మిది నెలలు నిండాయి, అక్కడే టీకా వేయించారు, పిల్ల పేరుమీద కూడా నాలాంటిదే ఒకటి వచ్చింది. వచ్చే నెల తాతగారింటికి ప్రయాణం. మేష్టారు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"కార్డుకి పసుపు అద్దే ఉద్దేశం ఉందా అమ్మలూ?"

"ఉంది నాన్నా, బయల్దేరే రోజు."

"చూడూ, తడపకు. తడిపేది గడపకి. కాగితానికి పొడి అద్దాలి, చిటికెడు. అది కూడా మూలనే. తారీకు మీద పడనివ్వకు." పుట్టినప్పటి నుంచి ఆ పనే చేస్తున్నవాడిలా చెప్పాడు.



"అచ్చం అమ్మలా చెబుతున్నావు నాన్నా" అంది హైమ.

నిన్న వాళ్లు వచ్చారు. కాళ్లు కడుక్కోగానే మేష్టారు పిల్ల కార్డు అడిగి తీసుకుని, వెలుతురులో పెట్టి, తారీకు చదివాడు. పొడిగా, స్పష్టంగా ఉంది. తీసుకొచ్చి అలమరలో నా మీద పెట్టాడు. దాని మూలనుంచి పసుపు రేణువులు నాలుగు జారి, నా అట్ట మూలనున్న పాత పసుపు మీద పడ్డాయి. ఆయన చూశాడు. తుడవలేదు.